ఫొటో రాలేదండీ!

పట్టాభి గారు తీసిన ఫొటో ఏదీ మొదటిసారి రాదు. రెండోసారీ రాదు. మూడోసారి వచ్చినట్టే వచ్చి, "ఎక్కడో చిన్న తేడా కొడుతోందమ్మా" అనిపించుకుంటుంది. తన కెమెరా ఇలాంటి మనిషి చేతిలో పడుతుందని ముందే తెలిసి ఉంటే, కెమెరా కనిపెట్టినాయన ఆ ప్రయత్నం మానుకుని హాయిగా పాడిగేదెలు కొనుక్కునేవాడని ఇంద్రాణి నమ్మకం.

ఇంద్రాణిది అబ్దుల్లాపూర్‌మెట్ పక్కన పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, రెండు గదుల ఆఫీసులో నడిచే 'తూర్పు వాకిలి' మాసపత్రికకు పేజీలు కూర్చే ఉద్యోగం. నిగనిగలాడే కాగితం, నలభై పేజీలు, ఎల్బీనగర్ చుట్టుపక్కల విల్లాల్లో, పెద్ద అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ ఉచితం. సోఫాకు ఏ రంగు గోడ నప్పుతుంది, బాల్కనీలో ఏ మొక్క బతుకుతుంది, కుక్కపిల్లకు క్షవరం ఎక్కడ చేయించాలి అన్నవే అందులో చర్చించే దేశ సమస్యలు. సంపాదకుడు, విలేకరి, ఫొటోగ్రాఫర్ ముగ్గురూ పట్టాభి గారే. అరవై దాటిన ఆ ముగ్గురినీ భరించేది ఒక్క ఇంద్రాణి.

పత్రికలో అందరూ ముందుగా తిప్పే పేజీ 'మా ఇల్లు'. నెలకో అందమైన ఇల్లు, అందులో మనుషులు. పట్టాభి గారి ప్రతాపమంతా అక్కడే.

సరూర్‌నగర్‌లో రామారావు గారని, బ్యాంకు మేనేజరుగా రిటైరై, పన్నెండో అంతస్తు బాల్కనీలో పూలతోట పెంచిన పెద్దమనిషి. ఆయన ఫొటో కోసం పట్టాభి గారు ఐదుసార్లు వెళ్ళారు.

"ఇయ్యాలన్న అచ్చిందా సార్?" అని అడిగేది ఇంద్రాణి.

"ఎక్కడమ్మా! సరిగ్గా నొక్కే టైముకి బంతిపువ్వు మొహం అటు తిప్పుకుంది."

"బంతిపువ్వు తిప్పుకునుడేంది సార్?"

"ఆత్మాభిమానం గల పువ్వమ్మా అది. రేపు మళ్ళీ వెళ్ళి బతిమాలుకుంటాను."

నాగోలు వైపు ఒక విల్లాలో అలేఖ్య అనే అమ్మాయి, మూడు నెలల పసిపాప కోసం గదంతా మబ్బులు, కుందేళ్ళు వేయించింది. ఆ ఫొటోకు ఏడుసార్లు. ఒకసారి పాప ఆవలించిందట. ఒకసారి కుందేలు ఆవలించినట్టు కనిపించిందట. అలా నాలుగు నెలలు గడిచాక ఎట్టకేలకు ఫొటో చేతికిచ్చి, "ఏడు నెలల పాప, గదంతా పాకేస్తోంది అని రాయమ్మా" అన్నారు. ఇంద్రాణి చూస్తే, ఫొటోలో పాప పొత్తిగుడ్డల్లో మూటలా ఉంది.

"ఏడు నెల్ల పిల్ల గింత చిన్నగ ఉంటదా సార్?"

పట్టాభి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చలికాలం కదమ్మా. పిల్లలు కాస్త ముడుచుకుంటారు."

తమాషా ఏమిటంటే, బిల్డర్ల దగ్గరకీ, నగల దుకాణాల వాళ్ళ దగ్గరకీ వెళితే మాత్రం రెండే నిమిషాలు. ఒక్క నొక్కు నొక్కి, "అద్భుతం సార్" అనేసి మెట్లు దిగేసేవారు. ఎదుటివాళ్ళు పలకరింపుగా నవ్వడం పూర్తయ్యేలోపే ఈయన ఆటో ఎక్కి ఉండేవారు. పెద్దోళ్ళంటే భయం కాబోలు అనుకునేది ఇంద్రాణి.

ఈ జూలైలో ఆ ఫొటో పిచ్చి పత్రిక మెడకే చుట్టుకుంది.

ఎల్బీనగర్ దాటాక కొత్తగా కట్టిన విల్లాల్లో అమల అనే డాక్టరమ్మ ఇల్లు ఆ నెల 'మా ఇల్లు'. అమలా, ఆమె భర్తా పొద్దున్నే ఆసుపత్రికి వెళితే చీకటి పడ్డాకే రాక. పగలంతా ఇంట్లో ఉండేది అమల తల్లి అమ్మాజీ గారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, గుడివాడ నుంచి ఆ మధ్యే వచ్చారు. "మా అమ్మ కొత్త వంటింట్లో నిలబడి ఉన్న ఫొటో వెయ్యండి" అంది అమల. ఆ వంటిల్లు అమర్చింది ఎల్బీనగర్ నగేశ్. కాబట్టి ఒక పేజీలో అమ్మాజీ గారి ఫొటో, ఎదురు పేజీలో నగేశ్ కొత్త షోరూం ప్రకటన అని ఒప్పందం. ఆ ప్రకటనే ఏడాది పొడుగునా పత్రికకు ఊపిరి.

పట్టాభి గారు సోమవారం వెళ్ళారు. రాలేదు. మంగళవారం పోపు పొగ అడ్డొచ్చింది. గురువారం ఫ్రిజ్ మరీ తెల్లగా ఉంది. శుక్ర, శనివారాల్లో ఎండ కుదరలేదు. మరుసటి సోమవారం గరిటె ఎడమచేతిలో ఉంది.

"కుడిచేతుల పట్టుకోమనొచ్చు కద సార్!"

"చెప్పానమ్మా. అప్పుడు మొహంలో ఎడమచేతి వాటం కనిపించింది."

ఇంతలో నగేశ్ ఫోను. "ఇంద్రాణి మేడం, శుక్రారం నా షోరూం ఓపెనింగ్. నాలుగొందల మందిని పిలిచిన. బుక్కు నా చేతుల లేకుంటే గీ యాడ్ క్యాన్సిల్, సాలంత ఇచ్చే యాడ్లన్ని క్యాన్సిల్. మీ సార్‌ని పరేషాన్ చెయ్యొద్దని చెప్పు జర."

"సార్, ఇగ ఆగేటట్టు లేదు" అంది ఇంద్రాణి.

"ఒక్కసారమ్మా. ఇంకొక్కసారి" అన్నారు పట్టాభి గారు, ఏడో ప్రయాణానికి జుట్టు దువ్వుకుంటూ.

బుధవారం మధ్యాహ్నం ఆయన కెమెరా బల్ల మీద పెట్టి కింద హోటల్‌కు భోజనానికి వెళ్ళారు. ఇంద్రాణి తలుపు వైపు ఒకసారి చూసి, కెమెరాలోంచి కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టింది. పనికొచ్చేది ఒక్కటున్నా ప్రెస్సుకు పంపేసి, తిట్లు తర్వాత తినొచ్చనుకుంది.

మొదటి రోజు ఫొటో తెర మీదకు వచ్చింది. అమ్మాజీ గారు కిటికీ పక్కన నిలబడి, చేతిలో కాఫీ గ్లాసుతో, ఎవరో అన్న మాటకు నవ్వబోతున్నారు. అంత మంచి ఫొటో ఆ పత్రికలో ఎన్నడూ రాలేదు. ఆ తర్వాతది నల్లగా ఉంది. దాని తర్వాతదీ నలుపే. రెండో రోజు నుంచి నిన్నటి దాకా తీసిన నలభై మూడూ కటిక నలుపు. కెమెరా పాడైందేమో అనుకుని, కార్డు మళ్ళీ అందులో పెట్టి, కిటికీ వైపు తిప్పి ఒకటి తీసి చూసింది. ఎదురు షాపు బోర్డు మీది అక్షరాలు కూడా చదవొచ్చు. అప్పుడర్థమైంది. ఆయన కెమెరా మూత తీయకుండా నొక్కారు, ఆరు రోజులూ!

ఏదో తట్టి కార్డులోని పాత ఫొటోలూ తెరిచింది. రామారావు గారిదీ అంతే, అలేఖ్యదీ అంతే. మొదటిది బంగారం, మిగతావి బొగ్గు. భార్య పోయాక పన్నెండో అంతస్తులో ఒక్కడే ఉన్న మనిషి. భర్త డ్యూటీకి వెళితే కొత్త ఊళ్ళో పసిపిల్లతో పలకరించే దిక్కులేని అమ్మాయి. పగలంతా పెద్ద విల్లాలో ఒంటరిగా ముసలమ్మ. ఇంద్రాణి కుర్చీలో వెనక్కి వాలింది.

పట్టాభి గారు వక్కపొడి నములుతూ వచ్చి, తెర మీద నలుపు చూసి, నమలడం ఆపేశారు.

"మూత తియ్యలే మీరు" అంది ఇంద్రాణి.

"వయసమ్మా. మరుపు."

"బిల్డర్ల కాడ యాదికుంటది గద?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కింద కోచింగ్ సెంటర్‌లో పిల్లలు ఏదో ఎక్కం వల్లెవేస్తున్నారు.

"మొదటి రోజు నేను వచ్చేస్తుంటే గేటు దాకా వచ్చిందమ్మా ఆ గుడివాడావిడ. 'మళ్ళీ రావాలా మీరు?' అని అడిగింది. ఎంత ఆశగా అడిగిందో! ఫొటో వచ్చేసిందని చెప్తే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పత్రికవాణ్ణి. ఊరికే కాఫీకి వచ్చానంటే వాచ్‌మన్ కూడా రానివ్వడు."

ఇంద్రాణి తెర వైపు తిరిగింది. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. "సరే సార్. నేనైతే మొదటిది పంపుతున్న" అని మీట నొక్కింది.

శుక్రవారం పత్రిక వచ్చింది. నగేశ్ షోరూంలో దాన్ని పూలదండ పక్కన నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ అమ్మాజీ గారి నవ్వు చూపించి, "గీమెనే మా బ్రాండ్ అంబాసిడర్" అని చెప్పుకున్నాడు. పట్టాభి గారు మాత్రం ఆ విల్లాకు వెళ్ళడానికి మొహం చెల్లక, ఇంద్రాణి చేతికి రెండు కాపీలిచ్చి పంపారు.

అమ్మాజీ గారు కళ్ళజోడు పెట్టుకుని ఫొటోను దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా చూశారు. "మొదటి రోజుదేగా ఇది? బాగానే వచ్చిందని నాకప్పుడే తెలుసమ్మాయ్."

ఇంద్రాణి ఉలిక్కిపడింది. "ఎట్ల తెలుసమ్మా?"

"రెండో రోజు నుంచీ ఆ గాజుబిళ్ళ మీద మూత తియ్యందే! నాకు చూపు తక్కువేగానీ అంత తక్కువేం కాదు. ముందు చెబుదామనుకున్నా. ఆ తర్వాత జాలేసింది. ఏదో వంక పెట్టుకుని మనిషి ఇంతదూరం వస్తున్నాడంటే, పాపం ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు కాబోలనిపించింది. పోనీలే, నా దగ్గరైనా నాలుగు మాటలు చెప్పుకుంటాడని ఊరుకున్నా. నాకేం, బోల్డంత తీరిక."

మూసారాంబాగ్‌లో పట్టాభి గారి ఇంట్లో పదకొండు మంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ఐదుగురు మనవలు, ఆయన. ఆ ఇంట్లో మాట్లాడాలంటే ముందు చెయ్యెత్తాలి. పేపరు చదువుకోవడానికి ఆయన మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కకు వెళతారు. ఇదంతా ఇంద్రాణి కళ్ళారా చూసిందే.

"నిజంగానే ఎవరూ లేరా పాపం?" అన్నట్టు అమ్మాజీ గారు ఆమె మొహంలోకి చూస్తున్నారు.

"అవునమ్మా" అంది ఇంద్రాణి, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని. "మా సార్‌కు మాట్లాడెటోళ్ళే లేరు."

"అనుకున్నాను!" అమ్మాజీ గారు కొంగు నడుముకు దోపుకుని వంటింట్లోకి నడిచారు. "గురువారం గారెలు వండుతాను, రమ్మనమని చెప్పు. నువ్వూ రా. ఆ, అన్నట్టు, కెమెరా మోసుకురావక్కర్లేదని చెప్పమ్మాయ్."