లైట్ల బుడిపెలో పసుపు

నిన్న ఇనుప పెట్టె సర్దుతుంటే అంచు చిట్లిన కారు లైట్ల స్విచ్చి బుడిపె ఒకటి చేతికి తగిలింది. వెనక రంధ్రంలో పసుపు ఇంకా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన నిజంగానే వచ్చిందో, నేనే ఊహించుకున్నానో చెప్పలేను.

నేను నాలుగో తరగతి చదివే రోజుల్లో బాపు నకిరేకల్‌లో ఒక సేటు కిరాయి కారు నడిపేవాడు. బతుకమ్మకు చేసిన మలీదముద్దల బెల్లం వాసన ఇంట్లోంచి పోకముందే దసరా వచ్చేది; ఆ పొద్దున బాపు కారు కడిగి వాకిట్లో నిలబెడితే, ఆయన తల్లి, మా అవ్వ, ఆముదంలో కలిపిన పసుపు గిన్నెతో లోపలికెక్కి, చూపు ఆనకపోయినా తడుముకుంటూ, డ్యాష్‌బోర్డు మీది ఒక్కో బుడిపెకూ గడపకు పూసినంత పసుపు పూసి బొట్టు పెట్టేది. కొడుకు ప్రాణం ఆ బండిలో తిరుగుతోందని ఆమె భయం.

ఒక ఏడు దసరా పది రోజులుందనగా లైట్ల స్విచ్చి చెడిపోయింది. దాన్ని తియ్యాలంటే ముందు బుడిపె ఊడాలి, అదేమో కదలదు. శనివారంలోగా లైట్లు వెలగకపోతే బండి ఇంకో డ్రైవరుకిస్తానన్నాడు సేటు. బాపు పకడుతో పట్టి లాగితే అంచు చిట్లింది. మళ్లీ దొరికే వస్తువు కాదది. ఆయన స్టీరింగు మీద తల ఆన్చేసరికి నాకు ఏడుపొచ్చింది.

“గట్ల గుంజితె పల్గుతది కొడుకా. జర జరుగు,” అంటూ అవ్వ వచ్చింది. వాచిన వేళ్ల నుంచి ఉంగరాలు తియ్యడానికి మా వాడకట్టంతా ఆమెనే పిలిచేవారు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ బుడిపెకు చుట్టి కాసేపు ఆగింది. తర్వాత పాత చీర అంచు చింపి, బుడిపె వెనకనుంచి తిప్పి, రెండు కొసలూ సమంగా పట్టుకుని, తొందరపడకుండా తనవైపు లాగింది. బుడిపె ఊడి ఒళ్లో పడింది. లోపలంతా గడ్డకట్టిన పసుపే.

నేను నోరు తెరిచేలోపే బాపు నా చెయ్యి నొక్కాడు.

అవ్వ వేలితో తడిమింది. “ఏందిరా గిది, గింత పెచ్చు గట్టింది?”

“దుమ్మమ్మా. దేవరకొండ తొవ్వ దుమ్ము.”

శుక్రవారానికే లైట్లు వెలిగాయి. దసరాకు అవ్వ మళ్లీ పసుపు గిన్నెతో కారెక్కింది. బాపు వద్దనలేదు సరికదా, ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కో బుడిపె మీదికీ తనే నడిపించాడు. జమ్మి పెట్టి వచ్చాక, ఆమె ఇంట్లో ఉండగా, అదే చీర అంచుతో అన్నీ ఊడదీసి, తుడిచి పెట్టాడు. ఏటేటా అదే తంతు, నేనొక్కదాన్నే సాక్షిని.

అవ్వ పోయిన ఏడు పసుపు ఆయనే కలిపి పూశాడు. ఆ సాయంత్రం మాత్రం తుడవలేదు.

కారు తుక్కు కింద పోయిన రోజు బాపు తెచ్చుకున్నది ఈ ఒక్క బుడిపెనే. ఇప్పుడు ఆయనా లేడు. మట్టిగా ఉందని కడగబోయి, నీళ్ల దగ్గర దాకా వెళ్లి, వెనక్కి తెచ్చి పెట్టెలో పెట్టేశాను.