చుక్కమ్మకు వేలితో తినిపించిన పెదనాయన

మా కాంపౌండర్ పెదనాయన పోయారని సోమవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. వారం కిందటే చూసి వచ్చాను, అనుకున్న కబురే. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.

ఆయన మాకు చుట్టం కాదు. గిద్దలూరులో మా వీధి చివర ఇల్లు. పశువుల ఆసుపత్రిలో చేసి రిటైరయ్యారు. ఏ జీవిని ముట్టుకోబోయినా ముందు అరచేతులు గట్టిగా రుద్దుకొని వెచ్చ చేసుకునేవారు. ఎవరైనా నవ్వితే, "చల్లటి చేతులు పెడితే నీకు బాగుంటాదా?" అనేవారు.

మా పిల్లి చుక్కమ్మకు నోట్లో క్యాన్సర్ వచ్చినప్పుడు మార్కాపురం తీసుకెళ్లాను. నయం కాదు, నొప్పికి మందు రాస్తాను, ఉన్నన్నాళ్లు హాయిగా ఉంచండి అన్నారు డాక్టరు. హాయిగా ఉంచడమంటే కడుపు నింపడమే అనుకున్నాను. మా పుట్టింట్లో గొర్రెలుండేవి. మా నాయన గొర్రె తలను మోకాళ్ల మధ్య ఇరికించి గొట్టంతో మందు పోయడం చూస్తూ పెరిగాను. చుక్కమ్మనూ అట్లాగే ఇరికించి సిరంజితో గంజి పోశాను. అది ఉక్కిరిబిక్కిరై, గడ్డం నిండా నెత్తుటి చొంగతో బీరువా కింద దూరింది. మర్నాటికీ బయటికి రాలేదు. నన్ను చూసి భయపడుతూనే పోతుందేమోనని ఏడ్చాను.

పెదనాయన వచ్చి సిరంజి చూసి, "ఏందమ్మా, పిల్లి అనుకుంటివా, పొట్టేలు అనుకుంటివా?" అన్నారు. బీరువా ముందు నేల మీద చతికిలబడి, చేతులు రుద్దుకొని, మెత్తగా మెదిపిన చేపను వేలికి రాసుకొని చెయ్యి చాచారు. అట్లా గంట కూర్చున్నారు.

"నయం చేయలేం, సరే. బాధ పెట్టకుండా ఉండలేమా? అది అడగాల, మనం పెట్టాల. వద్దంటే ఊరకుండాల."

చివరికి అది వచ్చి వేలు నాకింది.

మర్నాటి నుంచి ఆయన వేలి పక్కన నా వేలు. ఐదో రోజు నా ఒళ్లోకి వచ్చింది. తర్వాత నెల పైనే ఉంది. గోరువెచ్చని నీళ్ల గుడ్డతో గడ్డం తుడిస్తే కళ్లు మూసుకునేది. ఒక మధ్యాహ్నం నా ఒళ్లోనే పోయింది. ఆ మధ్యాహ్నం నాకు దక్కిందంటే ఆయన వల్లే.

పోయిన వారం ఆయనే మంచంలో ఉన్నారు. కోడలు పాపం, "రెండు గుక్కలు తాగు మామా" అని బతిమాలుతూ తల పైకెత్తి గ్లాసు పెదవులకు ఆనిస్తోంది. ఆయన పెదవులు బిగించారు.

"అడిగినప్పుడు పెడదాంలే అమ్మా" అని గ్లాసు అందుకొని, మజ్జిగలో వేలు ముంచి పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి కళ్లు తెరిచి నా చేతి వైపు చూశారు. ఏదో చెబుతారని వంగాను. దుప్పటి మీద అరచేతులు రెండూ దగ్గరకు చేర్చి మెల్లగా రుద్దారు.

వేలు కొంగుకు తుడుచుకొని, చేతులు వెచ్చబడేదాకా రుద్దుకున్నాను. అప్పుడు నోరు తెరిచారు.