తాళంచెవి బాపు చేతిలోనే ఉంది

మొన్న పాత పెట్టె సర్దుతుంటే బాపు సైకిలు తాళంచెవి దొరికింది. దాని తుప్పు వాసన తగలగానే చిన్నప్పటి కోపం మళ్లీ లేచి కూర్చుంది.

పోలీసు యాక్షన్ అయిన కొత్త. ఊళ్లో నిజాం కొలువుకు గుర్తైన రూమీ టోపీలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. నిజాం కచేరీలో గుమాస్తా అయిన మా బాపు కూడా, రోజూ పెట్టుకునే ఎర్ర టోపీని ఆ రోజే తీసి సైకిలుకు వేలాడే సంచిలో పెట్టాడు. సికింద్రాబాదు బజారులో చాయ్ హోటలు ముందు సైకిలు ఆపి, వెనక చక్రానికి ఏనుగు కూడా తెంపలేని తాళం వేశాడు. తాళం వేస్తే సైకిలు నేలకు అతుక్కుపోతుందని నా నమ్మకం. మేమిద్దరం బట్టల కొట్లోకి వెళ్లి వచ్చేసరికి అది లేదు.

బాపు హోటలు యాదగిరి మామను అడిగాడు.

"టోపీ సాబు గిప్పుడే తీస్కపోయిండు. చాబి పోయిందంటే మేమే పట్టి ఆయన భుజం మీదికి ఎత్తినం."

"ఆ సాబును నేనేనయ్యా."

"మరి టోపీ ఏది?"

బాపు తాళంచెవి చూపించాడు. మామ చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"సాబు చాబి కొట్టేసింది నువ్వేనా? పాపం, ఆయనెంత పరేషాన్ అయిండో."

ఏళ్లుగా రోజూ బాపుకు సలాం కొట్టిన మనుషులు వాళ్లు. ఆ సలాములన్నీ టోపీకేనట.

సంచిలోని టోపీ తీసి పెట్టుకున్న ఆ దొంగా, సైకిలూ మళ్లీ దొరకలేదు. ఇప్పుడు నేను ఎక్కడ స్కూటరు పెట్టినా, తాళం వేసి, హెల్మెట్ తీసి, పక్క కొట్టాయన ముందు నిలబడతాను.

"అన్నా, జెర నా మొహం మంచిగ చూస్కో."