పెట్టె పిలిస్తే వస్తారా?

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలోని ప్రతి కష్టానికీ ఓ బటన్ పెడితే చాలని, ఆ బటన్ పెట్టడానికే నేను పుట్టానని. తమిళనాట కంబంలో ద్రాక్షతోట, అరటితోట తప్ప మరేమీ ఎరగని తెలుగింటి పిల్లను, పట్నం వచ్చి గాంధీపురంలో ఒక లాడ్జి మేడమీదున్న వెబ్ కంపెనీలో చేరాను. సేవాసంఘాలకు విడ్జెట్లు చేసేవాళ్ళం. విడ్జెట్ అంటే ఎవరి వెబ్‌సైటులోనైనా ఓ మూల అతికించుకునే చిన్న పెట్టె. చూసినవాళ్ళు దాన్ని నొక్కి సంఘానికి తోడు నిలవచ్చు. మా మేనేజరును డెమో అన్న అనేవాళ్ళం (పెళ్ళిచూపుల్లో కూడా ల్యాప్‌టాప్ తెరిచాడని చెప్పుకునేవాళ్ళు). "ఇదొక్కటి నిలబడితే నీ ఉద్యోగం ఖాయం, లేదంటే..." అని ఆగాడాయన. ఆ మిగతాది మా నాయన ముందే చెప్పి ఉన్నాడు: "జరగకుంటే వచ్చేయి పాపా, ద్రాక్ష పెట్టెలు ఎత్తేదానికి కూలి ఆళ్ళు లేరు."

ఆ ఒక్కటీ ఆర్.ఎస్. పురంలో మా పెద్దత్త నడిపే సంఘానిది. ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టారు. కంటికి కట్టుతో బయటికొచ్చే ముసలివాళ్ళను చెయ్యి పట్టి నడిపించి, ఇళ్ళకు దింపడానికి మనుషులు కావాలి. అందుకని "నేనూ వస్తా" అనే ఎర్ర బటన్‌తో పెట్టె చేశాను. తరాలుగా తమిళనాటే ఉన్న మా వాళ్ళకు తెలుగు నోటికి వచ్చుగానీ చదవడం రాదు కనుక, తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాశాను (నాకూ అప్పటికి అంతే వచ్చు లెండి). గ్రైండర్ల కంపెనీ, చీరల షోరూము, మిల్లువాళ్ళు, అందరి సైట్లలోనూ అది వెలసింది. నొక్కారండీ మహానుభావులు! అంకె గిర్రున తిరుగుతుంటే డెమో అన్న ఆఫీసంతటికీ పఫ్సులు తెప్పించాడు.

పెద్దత్త మాత్రం, "అందర్నీ పిలిచినావా?" అంది.

"పెట్టె పిలుస్తుంది అత్తా."

"పెట్టె బొట్టు పెడుతుందా?"

పాతకాలం మనిషి అని నవ్వుకున్నాను. శిబిరం దగ్గర పడ్డాక, ఎవరి కారు ఎటు పోవాలో చెబుదామని ఆ గ్రైండర్ల కంపెనీ నడిపే మామకు ఫోన్ చేశాను (అందరికన్నా ముందు నొక్కింది ఆయనే).

"మామా, ఆదివారం మీ కారు వస్తుంది కదా?"

"యాడికి పాపా?"

"కంటి శిబిరానికి! మీరు నొక్కినారు కదా!"

"ఆమా, నొక్కినాను. మన పిల్ల కష్టపడి చేసిండాది, పావం, అని నొక్కినాను. అందుకని ఎవురూ వచ్చి పిలవకనే ఎట్లా వచ్చేది?"

ఇంకొందరికి చేశాను. అందరిదీ అదే పాట. నొక్కింది నామీద ప్రేమతో, రావడమంటే అది మర్యాదకు సంబంధించిన సంగతి. ద్రాక్ష పెట్టెలు కళ్ళముందు కదిలి భోరుమన్నాను.

"ఏడవద్దుమే, మొగం కడుక్కో," అంటూ పెద్దత్త పట్టుచీర కట్టి, కుంకుమ భరిణె, ఆకూవక్కల పళ్ళెంతో నా స్కూటీ వెనకెక్కింది. ప్రతి ఇంట్లో బొట్టు, పిలుపు, కాఫీ. కాఫీ వద్దంటే పిలుపు చెల్లదట! పైగా ప్రతి ఇంట్లోనూ, "పిల్లకు ఇంకా మాప్పిళ్ళ చూడలేదా?" అని పెళ్ళికొడుకు ఆరా. సాయంత్రానికి ఎన్ని కాఫీలు తాగానో లెక్క తప్పింది.

ఆదివారం పొద్దున వీధి పట్టనన్ని కార్లు. కంటికి కట్టుతో ఉన్న ఒక తమిళ అవ్వ చెయ్యి పట్టుకుని గ్రైండర్ల మామ, "మెల్లగా వాంగమ్మా, మెట్టుంది," అంటూ దింపుతుంటే మళ్ళీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో. డెమో అన్న ఆ ఘనతంతా విడ్జెట్‌దేనని అందరికీ చెప్పుకున్నాడు. నేనూ కాదనలేదు. కానీ మర్నాడే బటన్ మీది మాట మార్చేశాను: "మా ఇంటికొచ్చి పిలవండి."

"ఇప్పుడు దీనికి మర్యాద తెలిసింది," అంది పెద్దత్త. నా ఉద్యోగమూ నిలిచింది, నా స్కూటీ వెనక ఆమె సీటూ ఖాయమైంది.

మొన్న మా మరదలి కూతురు, ఈమధ్యే ఇదే పనిలో చేరిన పిల్ల, తన మొదటి పెట్టె నా ఫోనుకు పంపింది. ఏదో సంఘం సభకు పిలుపట. రంగులు, బెలూన్లు, ఎంత ముచ్చటగా ఉందో! పాపం, కష్టపడి చేసింది కదా అని "తప్పక వస్తాను" నొక్కేశాను. వచ్చి పిలిచినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు. నేనైతే రోజూ సాయంత్రం డికాషన్ కాస్త ఎక్కువే వేసి ఉంచుతున్నాను.