పాండురంగ అంకుల్ కలిపేసిన బోల్టులు

న్యూజిలాండ్‌లోని టకానినిలో తుపాకులు బాగుచేసే షాపులో నేను తుడిచే, కడిగే పని చేసేదాన్ని. పాండురంగ అంకుల్ అక్కడ ఫిట్టర్. అంతకుముందు ఇరవై ఏళ్లు హైదరాబాదులో పంపుల ఫ్యాక్టరీలో చేశారు. అక్కడ ఏ పార్టు తీసినా ఏ పంపుకైనా సరిపోయేదని గొప్పగా చెప్పేవారు.

2014లో ఒకరోజు నాలుగు పాత రష్యన్ రైఫిళ్లలో తూటా వెనక మూతలా బిగుసుకునే బోల్టులు ఒకే ట్రేలో కడిగి, చేతికందినవి బిగించారు.

"అంకుల్, బోల్టుల మీది నంబర్లు తుపాకుల నంబర్లతోని కలుస్తలేవు," అన్నాను మెల్లగా.

"అవి స్టాక్ నంబర్లు బిడ్డా. లక్షల్లో చేసిండ్రు, అన్నీ ఒక్కతీరే ఉంటయి."

నేను ఖాళీ ట్రే కడగడానికి తీసుకెళ్లాను.

మర్నాడు పొద్దున్నే ఒక రైతు ఆ నాలుగింటిలో తన రైఫిల్ తీసుకుని వేటకు వెళ్లాడు. తర్వాత ఓనర్ నంబర్లు గమనించి, మిగిలిన మూడింటికి సందు కొలిచే గేజ్ పెట్టి చూశాడు. రెండింటిలో బోల్టుకూ తూటాకూ మధ్య సందు ఎక్కువైంది. తయారీలోనే ఏ తుపాకీ బోల్టును ఆ తుపాకీకే సరిచూసి కూర్చారట. సందు ఎక్కువైతే తూటా తొడుగు పగిలి ముఖం మీదికి రావచ్చట.

అంకుల్ రైతుకు ఆరుసార్లు ఫోన్ చేశారు. ఆరోసారి ఎత్తాడు. ఇంకా కాల్చలేదన్నాడు.

"ప్లీజ్, డోంట్ షూట్," అని అంకుల్ మూడుసార్లు చెప్పి కుర్చీలో కూలబడ్డారు.

"నువ్వు చెప్పినవ్ గదా బిడ్డా," అన్నారు.

నేను గట్టిగా చెప్పలేదు. నా మాటే నిజమైందని సంతోషమూ కలగలేదు, నన్నూ తప్పుపడతారని భయమూ వేయలేదు. రైతు దగ్గర్నుంచి రైఫిల్ వెనక్కి తేవడానికి ఆయన కారు తీస్తే పక్కన వెళ్లి కూర్చున్నాను.