నా గుడ్డ కొనడానికి బావను పంపాను

ఈ సంగతి చెప్పడానికి నేను నోరు తెరిచిన ప్రతిసారీ మా ఇంట్లో ఎవరో ఒకరికి టీవీ శబ్దం పెంచాలనిపిస్తుంది. అక్కకు చెప్పబోతే పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. బావకు చెప్పబోతే ఫోన్ మోగుతుంది. మోగకపోయినా తీసి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. ఇక మీకే చెబుతాను. మీరు మధ్యలో లేచి వెళ్లినా నాకు కనపడరు కాబట్టి, కనీసం నా మాట పూర్తవుతుంది. ముందే హెచ్చరిస్తున్నాను: ఈ కథలో బాగుపడింది ఒక్క మిషన్ మాత్రమే.

నేను కలంకారీ పనివాణ్ణి. పని నేర్చుకున్నది శ్రీకాళహస్తిలో, కాపురం అప్పట్లో తిరుపతిలో. అచ్చులు గుద్దే పని కాదు నాది, వెదురు కలంతో గీసే పని. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి ఆరబెట్టాలి. గీయాలి, ఉతకాలి, ఉడకబెట్టాలి, మళ్లీ గీయాలి, మళ్లీ ఉతకాలి. అన్నీ అయ్యేసరికి గుడ్డకంటే నేనే ఎక్కువ నలిగిపోయి ఉంటాను.

కొన్నేళ్ల కిందట ఆ గుడ్డలు చుట్టచుట్టి చంకన పెట్టుకుని ఊళ్లో నేను ఎక్కని మెట్టు లేదు. గ్యాలరీ అని బోర్డు పెట్టుకున్న ఒకావిడ, అద్భుతం అద్భుతం అంటూ గుడ్డతో సహా నన్ను ఫోటో తీసుకుని, గుడ్డ వెనక్కిచ్చింది. ఒక హోటల్ మేనేజరు నా బొమ్మ గోడ రంగుకు సరిపోలేదన్నాడు. గోడకు రంగు మార్చుకోవచ్చుగా! అతను ఈపాటికి మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు.

చివరికి బస్టాండు దగ్గర చేతిపనుల అంగడి పెట్టుకున్న మునిరత్నం కనికరించాడు.

“సూడప్పా, ఒక్క గుడ్డ తగిలిస్తా. ఈ బ్రహ్మోత్సవాలు అయ్యేలోపల అమ్ముడుబోతే ఈ ఎదురుగోడ మొత్తం నీదే. నీ పేరు గూడా రాయించి పెడతా. పోలేదంటే మాత్రం మళ్లా నా అంగడి మెట్టు ఎక్కగూడదు.”

ఎదురుగోడ! దాని మీద నా పేరు! నాకు ఆ గోడ ఎంత అవసరమో మీకు తెలియాలంటే మా గుణశేఖర్ బావ సంగతి తెలియాలి. బావంటే మా అక్క మొగుడు. పాకాలలో సిమెంటు, ఇనుప కడ్డీల అంగడి. అప్పటికే ఆ అంగట్లో నాకొక కుర్చీ వేసి ఉంచాడు. “ఆ కలం యాడన్నా పారేసి రారా బామ్మర్దీ, కడ్డీలు తూకమేద్దువుగానీ” అని ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు. గోడ దక్కకపోతే ఆ కుర్చీయే గతి.

ఉత్సవాలు సగం గడిచాయి. కొండకు జనం పుట్ట పగిలిన చీమల్లా వస్తున్నారు, వాళ్లలో ఒక్క చీమా నా గుడ్డను మోసుకుపోలేదు. ఎదుటి టీ అంగట్లో కూర్చుని కాపలా కాసి కాసి, టీలు తాగి తాగి నిద్రా పోయింది, బుద్ధీ పోయింది. ఆ బుద్ధి లేని సమయంలోనే గొప్ప ఉపాయం తట్టింది. నా గుడ్డను నేనే కొనిపిస్తే? తిరుపతిలో నా స్నేహితులందరినీ మునిరత్నం ఎరుగును. ఎరగనివాడు ఒక్క బావే. బతిమాలి పిలిపించాను.

“బావా, ఎడంపక్క మూలలో చెట్టు, చెట్టు మీద నెమళ్లు ఉండే గుడ్డ. లోపలికి పో, అదే కావాలను, డబ్బిచ్చి బయటికి రా. బేరం మాత్రం ఆడొద్దు.”

“బేరం ఆడకుండా కొనేదా? పాకాల్లో నేను మొగం ఎట్ల సూపించేదిరా?”

“డబ్బు నాదే కదా బావా!”

“డబ్బు ఎవురిదైతే ఏమి, నోరు నాది కదా.”

నేను అక్కడే ఆగిపోవాల్సింది. వ్యాపారస్థుణ్ణి బేరమాడొద్దనడం కొలిమి ముందు కూర్చోబెట్టి చెమట పట్టొద్దనడం లాంటిది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలవడానికి ఇంటివాణ్ణి పంపాను.

చాలాసేపటికి బావ బయటికొచ్చాడు. క్యూ లేకుండా దర్శనం దొరికినవాడి మొహం. చంకలో లావుపాటి పొట్లం.

“ఏం బావా, ఇంత లావుగా ఉండాది?”

“రెండురా! ఒకదాని ధరకే రెండు! సూడు మీ బావ తెలివి.”

విప్పాడు. చెట్టే. నెమళ్లే. కానీ నావి కావు. మిషన్ మీద అచ్చేసిన గుడ్డలు. వెనక్కి తిప్పితే రంగు దిగక తెల్లగా వెలవెలబోతున్నాయి. నేనూ అంతే.

“బావా, నా గుడ్డ యాడ?”

“ఆడనే ఉండాది. ఒట్టురా, ముందు దాన్నే అడిగినా. బేరం మొదలుపెట్టేసరికి ఆయప్ప రెండూ పక్కపక్కన పరిచినాడు. ‘సూడండి సార్, దీంట్లో ఏ రెండాకులూ ఒక్క మాదిరి లేవు. ఈ నెమలి ముక్కు పొడుగు, ఆ నెమలి ముక్కు పొట్టి. దగ్గిరికి పోతే పాల వాసన’ అన్నాడు. నిజమే కదరా! నేను గూడా వాసన సూసినా.”

“చేత్తో గీస్తే ఒక్క మాదిరి ఎట్లుంటాయి బావా? చెట్టుకుండే ఆకులు ఒక్క మాదిరి ఉంటాయా?”

బావ తల గోక్కుని నిజంగానే ఆలోచించాడు. “చెట్టుది వేరేరా. అది ఊరికే వచ్చేది. డబ్బు పెట్టి కొనేటప్పుడు సూసుకోవాల కదా.”

ఇక ఆగలేక నేరుగా అంగట్లోకి వెళ్లాను. మునిరత్నం ఎన్నడూ లేనిది లేచి నిలబడ్డాడు.

“రాప్పా, రా! నీ గుడ్డ బలే పనిజేస్తా ఉండాది.”

“అమ్ముడుబోయిందా?”

“అది యాడ పోతాది? దాన్ని పక్కన పెట్టినప్పట్నుంచీ ఈ అచ్చు గుడ్డలు నిలబడ్డం లేదబ్బా. నీది సూసినోళ్లంతా అచ్చుదాన్నే కొంటా ఉండారు. ఇప్పుడే పాకాలాయన ఎవురో రెండు తీసకపోయినాడు. ఇంకోటి గీసుకురా, ఆ పక్క గూడా తగిలిస్తా.”

ఆ పాకాలాయన ఎవరో నేను చెప్పలేదు. మనిషికి కొంచెమైనా పరువుండాలి. గుడ్డ దించుకుని, చుట్టచుట్టుకుని వచ్చేశాను. గోడ పోయింది. ఆ తర్వాత పాకాలలో కుర్చీ ఎక్కాను. ఇప్పటికీ పగలు కడ్డీలు తూచి, సాయంత్రం గీస్తున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నారా? బావ ఆ రెండు అచ్చు గుడ్డలనూ తన ఇంటి హాల్లో తగిలించాడు. మేనకోడలికి చెవులు కుట్టించిన రోజు చుట్టాలంతా వాటి కింద కూర్చున్నారు. చిత్తూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నా భుజం తట్టి, “చెయ్యి బాగా తిరిగిందప్పా నీకు. ముందు మాదిరి వంకర్లు లేవు” అన్నాడు. బావ వైపు చూశాను. బావ కన్ను గీటి నా చెవిలో, “అన్నీ నువ్వు గీసినవే అని చెప్పినాలేరా. నీకు పేరొస్తాది కదా!” అన్నాడు.

అందుచేత ఏడుకొండలవాడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక ఏ అంగట్లో నా గుడ్డ వేలాడినా, చెదలు పట్టి రాలినా, కొనడానికి చుట్టాన్ని పంపను. పంపక తప్పకపోతే బేరమాడడం చేతకాని చుట్టాన్ని పంపుతాను. మా వంశంలో అలాంటివాడు పుట్టేదాకా ఆగుతాను.

ఇక బావా, ఇది నీకు ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. ఆరోజు ఆ రెండు గుడ్డలూ నీ ముందు పరిచినప్పుడు, బేరం సంగతి వదిలెయ్యి, మునిరత్నం మాటలు వదిలెయ్యి, నీ కంటికి ఏది బాగుంది? అడిగినప్పుడల్లా “ముందు అన్నం తినరా” అంటున్నావు. తిన్నాను. చెయ్యి కూడా కడుక్కున్నాను. చెప్పు.