పైడయ్య తాత నేర్పిన నాటకం

నిన్న సాయంత్రం నేను పాఠం చెప్పే బడిలో వార్షికోత్సవానికి పిల్లల ముఖాలకు రంగు వేస్తుంటే, కొబ్బరినూనెలో కలిపిన అర్దళం పొడి వాసన తగిలి నా చెయ్యి ఆగిపోయింది. అది నేను చదువుకున్న కంచరపాలెం బడి వెనకాల రేకుల షెడ్డు వాసన, నా పన్నెండో ఏటి వాసన.

మేము గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళం. నాన్నకు పోర్టులో ఉద్యోగం. కొత్త ఊళ్ళో ఎవరెలాంటివాళ్ళో తెలియదని అమ్మ అందరినీ అనుమానంగానే చూసేది. వేసవిలో సింహాచలం కొండ మీది నుంచి జీడిపళ్ళ గంప వీధిలోకి వస్తే, ఘాటు వాసన చేతులకు అంటుతున్నా సరే అడుగు వరకూ తిరగేసి చూశాకే కొనేది. ఆ గుణం నాకూ వచ్చింది. పట్టాల పక్కన కూర్చుని గూడ్సుబండి పెట్టెలు లెక్కపెట్టే ఆటలో నేను ఇంకొకరి లెక్క ఒప్పుకున్న రోజు లేదు.

ముసురు పట్టిన శ్రావణమాసంలో పెద్ద మేడమ్ మాకు నాటకం నేర్పడానికి పైడయ్య తాతను పిలిచారు. హార్బరులో కళాసీగా బరువులు మోసి, ఖాళీ రోజుల్లో ఊరూరా నాటకాలకు తెర లాగిన మనిషి ఆయన. వయసులో ఉండగా గోడౌనులో సరుకు ఎత్తి జైలుకు వెళ్ళొచ్చాడని పేటంతా చెప్పుకునేవారు.

"ఆయనున్న చోట నీ సంచి ఒళ్ళోనే పెట్టుకోవే," అంది అమ్మ.

నాటకం అందరికీ తెలిసిన పాత కథే. సాధువు వేషంలో ఊరిని దోచుకోవడానికి వచ్చిన దొంగ, జనం చూపిన నమ్మకానికి సిగ్గుపడి మారిపోతాడు. దొంగ వేషం తాత నాకిచ్చాడు. పాత్రంటే పెట్టుడు మీసం కాదనీ, వాడు చేతులెక్కడ పెట్టుకుంటాడో అదనీ, రేకుల మీద వాన మోతలోనే అరిచి చెప్పేవాడు.

నాటకంలో సంఘర్షణ అంటే దొంగా భటులూ కొట్టుకోవడమా అని అడిగాను.

"కాదే గుంటా. ఆడు మారిపోనాడు. మారేడని ఎవుడూ నమ్మడు. మరాడేటి సెయ్యాల? అదీ సంగతి."

నోట్సులో రాసుకున్నాను గానీ, తన కథే చెప్పి మమ్మల్ని బుట్టలో వేస్తున్నాడనిపించింది. ఆ అనుమానం నన్ను నిలవనివ్వలేదు. ఒకరోజు అమ్మకు తెలియకుండా ఆమె వెండి పట్టీలు తెచ్చి, షెడ్డులో బల్ల మీద, సరిగ్గా ఆయన కంటపడేలా పెట్టి, కిటికీ వెనక నిలబడ్డాను. జోరున వాన వచ్చింది. చూరు కిందికి పరుగెత్తి తిరిగి వచ్చేసరికి పట్టీలు లేవు.

బడి వదిలేవేళ గొడుగులతో వచ్చిన తల్లుల మధ్య, అమ్మ ముందర, అరిచాను: "నా సంచిలో పట్టీలు పైడయ్య తాత తీసేశాడు!"

"పెద్ద మేడమ్ గారికిచ్చీసినానమ్మా," అన్నాడాయన. మేడమ్ అప్పటికే ఇంటికి వెళ్ళిపోయారు. ఎవరూ నమ్మలేదు. ఆయన తన చేతిసంచి బల్ల మీద బోర్లించాడు. బీడీకట్ట, దువ్వెన, మా నాటకం సంభాషణలు రాసిన కాగితాలు. అయినా ఎవరి చూపూ మారలేదు.

మర్నాడు మేడమ్ తన గదిలో బీరువా తెరిచి పట్టీలు నా చేతిలో పెట్టారు. "బల్ల మీద దొరికాయని నిన్ననే ఇచ్చాడు," అన్నారు. సాయంత్రానికల్లా పేటలో మాట మారిపోయింది: మేడమ్ గట్టిగా అడిగితే భయపడి తిరిగిచ్చాడట.

ఏడుస్తూ ఆయన ఇంటికి వెళ్ళాను. అట్టముక్కతో రాజుగారి కిరీటం కత్తిరిస్తున్నాడు.

"సారీ తాతా."

"బల్ల మీద కావాలనే ఎట్టీసినావు కదేటి?" అన్నాడు, తల ఎత్తకుండా. నేను తలూపాను. "నా ఒక్కడికి సెప్తే ఏటి లాభం? అందరి ముందరా అరిసినావు. అందరి ముందరే సెప్పాల."

నాటకం అయ్యాక చెబుతానని మాటిచ్చాను.

నాటకం రోజు షెడ్డు నిండిపోయింది. ఆవేళ గొడుగులతో నిలబడ్డ తల్లులంతా ముందు వరసలోనే ఉన్నారు. దొంగ పశ్చాత్తాపపడే చివరి సన్నివేశంలో నేను నిజంగానే ఏడ్చాను. అమ్మ కూడా కళ్ళొత్తుకుంది. చప్పట్లు ఆగాయి. తెర తాడు పట్టుకుని పక్కన నిలబడ్డ పైడయ్య తాత నా వైపే చూస్తూ తెర దించకుండా ఆగాడు. నేను నోరు తెరిచాను. అమ్మ ముఖం కనిపించింది. దణ్ణం పెట్టాను, అంతే. ఇంకాసేపు చూసి, ఆయన మెల్లగా తెర దించేశాడు. మళ్ళీ మా బడికి రాలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. షెడ్డు ఉన్నచోట అపార్ట్‌మెంటు లేచింది, పట్టాల పక్కన పిల్లలు కూర్చునే జాగాకు గోడ కట్టేశారు, ఆ ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో అమ్మతో సహా చాలామంది లేరు. ఉన్న ఒకరిద్దరికి మాత్రం పైడయ్య అనగానే ఇప్పటికీ ఆ పట్టీలే గుర్తొస్తాయి.

పైడయ్య తాత ఆ పట్టీలు దొంగిలించలేదు. అవి నా సంచిలో లేవు. ఆయన్ని పట్టించాలని నేనే బల్ల మీద పెట్టాను.